మొదటి బండి భోజన్న

మా భోజన్న బావ లెక్కల ఈ భూమ్మీద మనుషులు రెండే రకాలు. మొదటి బండిల వచ్చినోళ్లు, తర్వాత వచ్చినోళ్లు. మీరు ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, ఎన్ని చదువులు చదివినా సరే, ఆయన ముంగట నిలబడితె మొదలు అడిగేది ఒక్కటే: "మీ తాత ఏ బండిల వచ్చిండు?" చాయ్ తర్వాత. మీ పేరు గూడ తర్వాతనే.

ముందుగాల గా బండి సంగతి చెప్పాలె. మాది కొత్తాబాది. బాన్సువాడ బస్టాండుల దిగి, బీడీ ముట్టించి, కాలువ కట్ట పట్టుకొని నడిస్తె బీడీ అయిపోయేసరికి మా ఊరొస్తది. నిజాంసాగర్ కట్టినప్పుడు మా పెద్దోళ్ల పాత ఊరు నీళ్లల్ల మునిగింది. ఉన్న సామాను బండ్లల్ల ఏసుకొని వచ్చి, గీ దిక్కు చెట్లు కొట్టి, ఇండ్లు ఏసుకున్నరు. అన్నిట్ల ముందుగాల వచ్చిన ఎడ్లబండి ఒకటి ఉన్నది. దాంట్ల వచ్చినోళ్లే ఊరికి పునాది అని మావోళ్ల నమ్మకం. గా బండిల తన తాత ఉండె అని మా బావ నమ్మకం.

సాక్ష్యం అడుగుతె మాత్రం మనిషికి కోపం నషాళానికెక్కుతది.

"సాక్ష్యం ఏది బావా?" అని నేను ఒకసారి అడిగిన.

"ఉన్నది. నిజాంసాగర్ అడుగున ఉన్నది. నీకు ఈత వస్తదా?"

"రాదు."

"మరి నోర్మూసుకో."

నేను ఆయన బామ్మర్దిని, అనిల్‌కుమార్. మా గంగమ్మక్కను ఆయనకే ఇచ్చినం. బస్టాండు ఎదురుంగ బావకు టెంట్ హౌస్ ఉన్నది. శామియానాలు, కుర్చీలు, వంట డేగిసలు కిరాయికిస్తడు. పక్క షెట్టర్ల నాది ఎస్టీడీ బూత్. మా ఇద్దరి నడుమ ఉన్నది ఒక రేకు గోడ. అందుకని ఆయన మాట్లాడిన ప్రతి ముక్క, నాకు ఇష్టమున్నా లేకున్నా, ఏండ్లకేండ్లు నా చెవుల పడ్డది. నా తక్లీఫ్ పగోనికి గూడ వద్దు.

ఇంతకూ గా తాతను బావ చూడలే. బావ వాళ్ల నాయిన గూడ చూడలే. నాయిన తల్లి కడుపుల ఉండంగనే తాత పోయిండు. ఇగ మిగిలింది ఏంది? ఊరోళ్ల నోట్ల నానుతున్న ఒక ముచ్చట. బండిల ఆరు ఇండ్లోళ్లు వచ్చిర్రు. అయిదు ఇండ్లు ఎవలెవలియో అందరికి తెలుసు. ఆరో మనిషి ఎర్ర రుమాలు కట్టుకున్నడు, ఆయన ఎవరో ఎవ్వలికీ యాది లేదు. గంతే. మా బావ గా ఎర్ర రుమాలును గట్టిగ పట్టుకున్నడు.

"ఆరో మనిషి మా తాతనే. ఎర్ర రుమాలు కట్టుడు మా ఖాందాన్‌ల అలవాటు," అంటడు.

ఆ ఖాందాన్‌ల ఎర్ర రుమాలు కట్టేది ఎవరు? ఈయన ఒక్కడే. ఎప్పటి సంది? గా ముచ్చట విన్నప్పటి సంది.

గింతవరకే అయితె గిసొంటి మనుషులు ఊరికి ఒకరుంటరు. మా బావ తను ఎక్కి ఊకోలే. మనసుకు నచ్చినోళ్లందరినీ బండి ఎక్కించుడు మొదలుపెట్టిండు.

తొంభై నాలుగుల గోదావరి జిల్లా నుంచి ఒక బ్యాంకు మేనేజరు బదిలీ మీద వచ్చిండు. పెండ్లాం పిల్లలు అక్కడనే ఉండిపోయిర్రు. పొద్దుమీకంగనే పాపం బస్టాండుల నిలబడి పోయే బస్సుల దిక్కు చూసుకుంట ఉంటుండె. ఒకరోజు బావ చేతికి చిక్కిండు.

"సార్, మీ తాత ఏ బండిల వచ్చిండు?"

"మా తాతగారు ఇటు రాలేదండి. మాది అమలాపురం దగ్గర."

"ఏ నీళ్లు తాగుతరు?"

"గోదావరి నీళ్లేనండి."

"మా మంజీర పోయి ఏడ కలుస్తది?"

"గోదావరిలోనే అనుకుంటానండి."

"మరి ఇంకేంది! బండి బయలెల్లేటప్పుడు ఇరుసుకు ఆముదం పోసినాయన గోదారి దిక్కు నుంచి వచ్చినోడే. మీ ముక్కు చూడంగనే అనుకున్న. నడువుండ్రి, ఇంట్ల అన్నం తిని పోదురు."

బదిలీ అయ్యి పోయేదాక గాయన మా అక్క చేతి అన్నమే తిన్నడు. పోయే రోజు బస్సు మెట్టు మీద నిలబడి, "మా తాతగారి ఊరొదిలి వెళ్తున్నట్టుందండి," అని కండ్లు తుడుచుకున్నడు. చదువుకున్న మనిషి. నమ్మిండో, నమ్మినట్టు చేసిండో ఆయనకే తెల్వాలె.

మా అక్కకు మాత్రం బండి పేరు చెప్తె ఒళ్లు మండుతది. ఎందుకంటె మొదటి బండోళ్ల దగ్గర కిరాయి తీసుకోవద్దని బావ పెట్టుకున్న నియమం.

"ఏమయ్యా, పొద్దున రిక్షా తొక్కేటాయన డేగిసలు తీస్కపోయిండు. కిరాయేది?"

"ఆయన తాత బండిల గడ్డిమోపు మీద కూసొని వచ్చిండు."

"నిన్న అంజవ్వ మనుమని తొట్టెల పండుగకు కుర్చీలు?"

"అంజవ్వ తాత కాడి మీద వచ్చిండు."

"మొన్న చాంద్రి వాళ్లింట్ల దినాలకు శామియానా?"

"చాంద్రి తాత గప్పుడు చిన్న పిల్లగాడే. బండి కింద ఉయ్యాల కట్టి తెచ్చిర్రు."

"గంతమంది ఎక్కితె ఎడ్లు సావయా?"

"గిప్పటి ఎడ్లనుకున్నవా? గవి గప్పటి ఎడ్లు!"

అక్క చేతిల ఏదుంటె గది కింద ఎత్తేసి ఇంట్లకు పోయేది. నాకైతె గా ఎడ్ల మీద నిజంగనే జాలి కలుగుతుండె. ఆ బండిల ఎందరున్నరో ఒకసారి లెక్కపెడ్దామని కూసొని, సగంల యాష్టకొచ్చి ఇడిసిపెట్టిన.

ఒక్క మనిషిని మాత్రం బావ ఎక్కనియ్యలే. రైసుమిల్లు సేటు బిడ్డ పెండ్లికి శామియానాలు మాట్లాడనీకి వచ్చి, కుర్చీల కూసొని నవ్వుకుంట అడిగిండు. "ఏం భోజన్నా, మా తాతకు గూడ బండిల జర జాగ చూడరాదు?"

"నిండిపోయింది సేటూ."

"రిక్షా వాని తాతకు దొరికింది గద?"

"ఆయన సన్నగుండె."

సేటు కిరాయి పైస తక్కువ లేకుంట కట్టి పోయిండు. గా రోజు అక్క బావకు రెండో చాయ్ పోసింది.

రెండువేల రెండుల నా బూత్‌ల ఇంటర్నెట్ పెట్టిన. ఒకరోజు గిరాకీ లేక ఊకెనే చదువుకుంట కూసుంటె అమెరికా ముచ్చట ఒకటి కండ్లబడ్డది. మూడునాలుగు వందల ఏండ్ల కింద ఇంగ్లండు నుంచి ఓడలెక్కి పోయి అమెరికాల ఊర్లు కట్టుకున్నోళ్లు ఉన్నరు గద. గిప్పటోళ్లు, మాది గా మొదటోళ్ల వంశమే అని రుజువు చేసుకోనీకి తిప్పలు పడుతుంటరంట. చర్చీలల్ల పాత పుస్తకాలు తిప్పుతరు, సమాధుల మీద పేర్లు తుడిచి తుడిచి చదువుతరు. అంతా దొరుకుతది గానీ నడుమల ఒక తాత దొరకడు. దొరకకున్నా, "మేం ఫలానా ఓడోళ్లమే" అనుడు మాత్రం ఇడువరు. నాకు నవ్వాగలే. రేకు గోడ మీద దబదబ కొట్టి బావను పిలిచిన.

"బావా, నీ అసొంటోళ్లు అమెరికాల లక్షల మంది ఉన్నరు!"

ఎగతాళి చేద్దామని చెప్పిన. ఆయన మొత్తం ఇన్నడు. ఇన్నకొద్ది ఆయన ముఖం ఎలిగిపోయింది.

"అంటె తెల్లోళ్లు గూడ మన లెక్కనే అన్నట్టు."

"అవ్. గానీ వాళ్లకు సాక్ష్యం సరిగ్గ లేదు."

"వాళ్ల ఊరు గూడ మునిగిందా?"

"లేదు బావా. నడుమల ఒక తాత ఎవరో తెలుస్తలేదు, గంతే."

"అయ్యో పాపం," అన్నడు. నిజంగనే ఫికర్ పెట్టుకున్నడు. "గంత పెద్ద దేశంల ఒక తాతకు జాగ చూపియ్యనీకి ఒక్క మనిషి లేడా? మన బండి సంగతి వాళ్లకు చెప్పు బామ్మర్దీ. సర్దుకొని కూసుంటె ఎందరన్న పడుతరు."

గా రోజు సంది మనిషిని పట్టనీకి రాలే. బిచ్కుంద సంతల చెప్పిండు, కోటగిరిల పెండ్లి పందిట్ల చెప్పిండు: "అమెరికాల ఓడోళ్లు ఎట్లనో, గీడ మేం గట్ల!" వర్ని దిక్కు కోస్తా నుంచి వచ్చి ఊర్లు కట్టుకున్న రైతులు, "మేమూ వలస వచ్చినవాళ్లమే గదండీ," అంటె, "మీ బండి దూరం నుంచి వచ్చింది, ఎడ్లు అలిసినయి, మీ తప్పు కాదు," అని ఓదార్చి వచ్చిండు.

ఇగ అసలు ముచ్చట. రెండువేల నాలుగుల మా ఊర్ల బొడ్రాయి పండుగ పెట్టిర్రు. బొడ్రాయి అంటె ఊరి నడిమిట్ల నాటే రాయి, ఊరికి బొడ్డు అన్నట్టు. పాతది పగిలిందని కొత్తది తెచ్చిర్రు. దానికి మా ఊర్ల ఒక కట్టడి ఉన్నది. రాయి నాటే రోజు పొలిమేర కట్టేస్తరు. ఊరోళ్లు బయటికి పోవద్దు, బయటోళ్లు ఊర్ల ఉండొద్దు. నాటినంక ఇంటికొక బిందె నీళ్లు పోస్తరు. ముందుగాల మొదటి బండిల వచ్చిన ఆరు ఇండ్లు, గా తర్వాత మిగిలినోళ్లు.

ఆరో బిందె! మా బావకు కంటికి నిద్ర లేదు. కొత్త ఎర్ర రుమాలు కొన్నడు. వాకిట్ల ఉన్న రోలునే బొడ్రాయి అనుకొని రోజు పొద్దుగాల నీళ్లు పోసుడు నేర్చుకున్నడు.

"బామ్మర్దీ, వంగి పొయ్యాల్నా, నిలబడి పొయ్యాల్నా? ఫొటో ఏ దిక్కుకెళ్లి తీస్తవు?"

"గా రోలుకు సర్ది అయితది, ఇగ ఇడిసిపెట్టయ్యా," అని అక్క మొత్తుకున్నది.

ఊర్ల ఇంకొకరు గూడ పండుగ కోసం బిందె కొన్నరు. లచ్చి. మా అక్క అరుగు మీద కూసొని బీడీలు చేస్తది. ఎన్నో ఏండ్ల కింద చెరుకు కొట్టనీకి మహారాష్ట్ర దిక్కు నుంచి గుంపులు వచ్చినయి. పోయేటప్పుడు జరంతోని కాలిపోతున్న చిన్న పిల్లను మా ఊర్ల ఇడిసి పోయిర్రు. వచ్చే ఏడాది మల్ల వచ్చి తీస్కపోతరనుకున్నరు, ఎవ్వలు రాలే. ఒక ఇంట్ల అన్నం, ఒక ఇంట్ల పక్క, గట్ల ఊరే పెంచింది. లచ్చి అని పేరు గూడ ఊరే పెట్టింది. గిప్పుడు బీడీల మీద కూడబెట్టుకొని ఇత్తడి బిందె కొన్నది. చింతపండు పెట్టి తోమి తోమి, దాంట్ల ముఖం చూసుకొని నవ్వుకుంటుండె.

పండుగ దగ్గరికొచ్చినంక ఒక పొద్దుగాల వెంకట్రాములు తాత అరుగు కాడికి వచ్చిండు. మొదటి బండి తోలింది ఆయన నాయిననే. అందుకని కట్టడి సంగతుల ఆయన మాటే మాట. లచ్చి ముఖం చూడకుంట చెప్పిండు.

"బిడ్డా, పండుగ నాడు పొద్దు పొడవకముందే బాన్సువాడకు పో. పొద్దుమీకినంక రా."

లచ్చి చేతిల బీడీ ఆకును చాటల పెట్టింది. "నేను బయటిదాన్నా తాతా?"

"నీ మీద నాకు కోపమా? నా మనుమలను ఎత్తుకొని తిప్పినవ్. గానీ నీది ఏ గడప అని అడుగుతె నేనేం చెప్పాలె? కట్టడి తప్పినంక ఊరికి ఏమన్న అయితె నిన్ను గూడ అంటరు, నన్ను గూడ అంటరు."

ఆయన పోయినంక లచ్చి ఏడ్వలే. బిందె తెచ్చి మా అక్క చేతిల పెట్టింది.

"అక్కా, గిది నా పేరు మీద నువ్వు పొయ్యి. నేను పోతగానీ, ఊరు ఇడిసి ఎట్ల పోవాల్నో నాకు తెల్వది. ఎన్నడు పోలే గద."

అక్క మొగుని దిక్కు తిరిగింది. బండి ముచ్చట కోపం లేకుంట ఆమె ఎత్తుడు నేను గదే మొదలు చూసుడు.

"ఏమయ్యా, ఊరందరినీ ఎక్కిస్తివి. గీ పిల్లకు జాగ లేదా?"

"ఎందుకు లేదు!" అని బావ లేచిండు.

సాయంత్రం కొత్త బొడ్రాయి తెచ్చి పెట్టిన కాడ ఊరు కూడింది. బావ రుమాలు సర్దుకొని నడిమిట్ల నిలబడ్డడు.

"లచ్చి తాత మొదటి బండిలనే వచ్చిండు. కొన్నొద్దులు ఉండి, చెరుకు పనికని మహారాష్ట్రకు పోయిండు. గాయన మనుమరాలు గీ పిల్ల. తిరిగి తన ఊరికి తను వచ్చింది. దీంట్ల లొల్లి ఏమున్నది?"

ఊరంత పక్కున నవ్వింది. వెంకట్రాములు తాత నవ్వలే.

"భోజన్నా, గడ్డిమోపులు, ఉయ్యాలలు, గవన్నీ నీ టెంట్ హౌస్‌ల చెప్పుకో. గీడ బొడ్రాయి ముచ్చట. మా నాయిన చెప్పింది ఆరు ఇండ్లు. అయిదు ఇండ్లోళ్లు గిదిగో గీడ కూసున్నరు. ఆరోది నీది అంటివి, మేం ఒప్పుకున్నం. ఏడో జాగ లేదు. లచ్చి తాతను ఏడ కూసోబెడుతవు?"

నవ్వులు ఆగిపోయినయి. జన్మల మొదటిసారి ఆయన బండిల జాగ లేదు. ఆడోళ్ల ఎనుక లచ్చి తల వంచుకొని నిలబడ్డది. బావ చెయ్యి మెల్లగ నెత్తి మీదికి పోయింది. గా మనిషి పానమంత గా రుమాలుల ఉన్నదని నాకు తెలుసు. దాన్ని తీసిండు. మడతపెట్టి అక్క చేతిల పెట్టిండు. పోయి కొత్త బొడ్రాయి మీద చెయ్యి పెట్టిండు.

"అందరు ఇనుండ్రి. ఆరో మనిషి మా తాత అని నాకు తెల్వది. మా నాయిన చెప్పలే, మా అవ్వ చెప్పలే. నాకు నేనే చెప్పుకున్న. మా తాత బండి ఎనుక నడుసుకుంట వచ్చిండో, ఏడాదికి వచ్చిండో, నాకు తెల్వది. గిది ప్రమాణం."

రాయి మీది చెయ్యి తీసి బావ అయిదు ఇండ్లోళ్ల దిక్కు తిరిగిండు.

"ఇగ, ఆరో మనిషి లచ్చి తాత కాదని బరాబర్ తెలిసినోళ్లు ఎవలన్న ఉంటె, రాండ్రి. వచ్చి గీ రాయి మీద చెయ్యి పెట్టుండ్రి."

ఎవలు పెడ్తరు? తెల్వనిది తెలుసని బొడ్రాయి మీద చెయ్యి పెట్టి చెప్పే మొనగాడు మా ఊర్ల లేడు. అయిదు ఇండ్లోళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నరు. వెంకట్రాములు తాత గడ్డం గోక్కున్నడు, ఆకాశం దిక్కు చూసిండు, బావ దిక్కు చూసిండు. ముసలాయనకు గూడ లోపల సంబురమే అయ్యింది, పైకి మాత్రం గర్జించిండు.

"లచ్చీ! ఆరో బిందె నీది. ఆలస్యం చేస్తివా, ఊకోను!"

పండుగ నాడు లచ్చి ఆరో బిందె పోసింది. నెత్తి మీద బిందె కింద చుట్ట లెక్క పెట్టుకున్నది ఎర్ర రుమాలే. మా అక్క ఇచ్చింది. నేను ఫొటోలు లచ్చికే తీసిన. మా బావ ఉత్త నెత్తితోని లైనుల అందరికన్న ఆఖరుకు నిలబడ్డడు.

"బాధైతుందా బావా?"

"బాధెందుకు? ముందుగాల పోసిన నీళ్లు రాయి తాగేస్తది. ఆఖరు బిందె నీళ్లే ఊర్ల పారుతయి. ఎవలకు తెలుసు గీ సంగతి!"

నాకు గా రోజు ఛాతీ ఉబ్బింది. "గాయన మా బావ," అని పక్కన నిలబడ్డోళ్లందరికీ చెప్పిన. వాళ్లకు తెలుసునని తెలిసి గూడ చెప్పిన.

అక్క నా చెవుల మెల్లగ అన్నది. "తమ్మీ, ఒంటిగ ఉన్న గా మేనేజరు సారు తప్ప, కిరాయి ఇచ్చుకునే తాకతు ఉన్నోన్ని ఒక్కన్ని గూడ గీయన బండి ఎక్కియ్యలే. నాకు ఎప్పటి సందో తెలుసు."

"తెలిసి గూడ గన్ని ఏండ్లు లొల్లి చేస్తివా?"

"లొల్లి చేసేటోళ్లు ఒకరుండాలె గద. లేకుంటె మనం కూసోనీకి ఒక్క కుర్చి మిగులునా?"

అంతలనే లచ్చి వచ్చింది. ఖాళీ బిందె చంకల పెట్టుకున్నది, చీరంత తడిసింది, ముఖంల నవ్వు ఆగుతలేదు.

"అన్నా, రేపు ఎవలన్న అడుగుతె చెప్పాలె గద. మా తాత పేరేంది?"

బావ బిత్తరపోయిండు. అన్ని చేసిండు గానీ పేరు సంగతి సోంచాయించలే. నా దిక్కు చూసిండు, అక్క దిక్కు చూసిండు.

"నన్నడుగుతె నాకేం తెలుసు? నీ తాత. నీకు నచ్చిన పేరు నువ్వే పెట్టుకో."

లచ్చి సోంచాయించినట్టు చేసింది గానీ, ఎప్పుడో పెట్టుకొని వచ్చినట్టే ఉండె.

"భోజన్న," అన్నది.

గా తర్వాత టెంట్ హౌస్‌కు వచ్చినోళ్లను బావ ఏ బండి అని అడుగుడు బంద్ చేసిండు అనుకుంటున్నరా? వచ్చినోళ్లను కూసోబెడుతడు, చాయ్ చెప్తడు, మొదలుపెడుతడు.

"మొదటి బండిల ఆరో మనిషి ఒకాయన ఉండె. భోజన్న అని. ఎంత మంచోడంటె, ఏం చెప్పాలె మీకు!"

"నీకెట్ల తెలుసన్నా?"

"నాకెట్ల తెలుస్తది? లచ్చి చెప్పింది."